ప్రత్యర్థి స్టేడియంలో హోమ్ స్టాండ్ టికెట్లు దొరికాయి, తమ్ముడితో వెళ్లొచ్చా?

నీలికండువా:

అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా మా ఫుట్‌బాల్ టీమ్ వెంటే ఉన్నాను. సొంత స్టేడియంలో నాలుగేళ్లుగా సీజన్ టికెట్ ఉంది. కానీ ఇంతవరకూ ఒక్క అవే మ్యాచ్‌కీ, అంటే అవతలి టీమ్ స్టేడియంలో జరిగేదానికి, వెళ్లలేదు. వచ్చే నెల మా బద్ధ ప్రత్యర్థితో వాళ్ల స్టేడియంలో డెర్బీ. క్లబ్బుల పేర్లు కావాలనే రాయడం లేదు. రాస్తే చర్చ వాటి మీదికి మళ్లుతుంది, నాకు కావాల్సిన జవాబు రాదు.

అక్కడ మావాళ్ల కోసం ఉంచే అవే టికెట్లు, ఇంతకుముందు అవే మ్యాచ్‌లకి వెళ్లి పాయింట్లు సంపాదించినవాళ్లకే ముందు ఇస్తారు. నాకు అవే పాయింట్లు సున్నా. ఇంతలో ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన, ఆయన ఆ టీమ్ అభిమాని, ఆ రోజు తనకూ వాళ్లావిడకూ వేరే పని పడిందని, వాళ్ల సీట్లు రెండూ మమ్మల్ని వాడుకోమన్నారు. గోల్ వెనకాల, వాళ్లవాళ్లు గట్టిగా పాడే స్టాండ్‌లో. నాతో వచ్చేది మా తమ్ముడు. వాడికి పదిహేనేళ్లు. మూడేళ్లుగా ఈ మ్యాచ్‌కి తీసుకెళ్లమని అడుగుతున్నాడు.

మా రంగులేవీ వేసుకోకుండా, నోరు మెదపకుండా కూర్చుంటే సరిపోతుందా? ఎవరైనా ఇలా వెళ్లారా? వెళ్లాలని నాకు చాలా ఉంది, అదే సమయంలో వాడి విషయంలో టెన్షన్‌గానూ ఉంది.

పాతటర్న్‌స్టైల్:

వద్దు తమ్ముడూ. ఒంటరిగా అయితే నీ ఇష్టం అనేవాణ్ని. పదిహేనేళ్ల పిల్లాడితో మాత్రం వద్దు.

కొడతారనే భయంతో చెప్పడం లేదు. చాలా స్టేడియాల్లో ఏమీ జరగదు. కానీ మీ టీమ్ గోల్ కొడితే వాడు లేస్తాడు. వాడు లేవకుండా ఉండాలని నువ్వు తొంభై నిమిషాలు వాడినే చూస్తూ కూర్చుంటావు, మ్యాచ్ చూడవు. ఇంగ్లండ్‌లో చాలా క్లబ్బుల టికెట్ నిబంధనల్లోనే ఉంటుంది, హోమ్ స్టాండ్‌లో అవతలి టీమ్ మనిషని తెలిస్తే బయటికి పంపే హక్కు వాళ్లది. ఆ సీటు ఎవరి పేరు మీద ఉందో ఆయన మీద కూడా చర్య తీసుకుంటారు. నీ సరదాకి ఆయన సీజన్ టికెట్ పోతే రోజూ ఆఫీసులో ఆ మొహం ఎలా చూస్తావు?

లెక్కలమనిషి:

పై మాటకి ఒకటి కలుపుతాను. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. 1994 నాటి చట్టం ప్రకారం క్లబ్ అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ వేరొకరికి అమ్మడం నేరం, అసలు ధరకే అమ్మినా సరే. మిగతా ఆటల టికెట్లకి ఆ నియమం లేదు. ఫుట్‌బాల్‌కే ఎందుకంటే, బ్లాకులో కొన్న టికెట్లతో రెండు వర్గాలూ ఒకే స్టాండ్‌లో కలిసిపోయేవి, విడివిడిగా కూర్చోబెట్టడం అనే ఏర్పాటే దెబ్బతినేది. మీ దేశంలో నియమం ఏదైనా, ఆయన టికెట్ మార్చే ముందు క్లబ్ వెబ్‌సైట్‌లో అధికారికంగా మార్చే దారి ఉందో లేదో చూడండి.

రెండోసగం:

నేను ఐదేళ్ల కిందట సరిగ్గా ఇదే చేశాను కాబట్టి చెప్తున్నాను.

బూడిదరంగు జాకెట్ వేసుకుని, జిప్పు మెడదాకా లాక్కుని వెళ్లాను. గోల్ పడ్డప్పుడు ఒక్కసారి ఆపుకుంటే చాలనుకున్నాను. అసలు కష్టం అది కాదని పది నిమిషాల్లో తెలిసింది. మావాళ్లకి కార్నర్ వచ్చినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి వెనక్కి ఆనుకుంటున్నారు, నేను ముందుకి వంగుతున్నాను. వాళ్లు లేచినప్పుడు నేను అరక్షణం ఆలస్యంగా లేస్తున్నాను. ఒళ్లు అబద్ధం ఆడలేదు. పక్క సీటు పెద్దాయన అది కనిపెట్టారు. అరగంట గడిచాక నా చెవి దగ్గరికి వంగి, మీరు వాళ్లవారా అని అడిగారు. కాదన్నాను. ఆట తెలియదు, స్నేహితుడు టికెట్ ఇస్తే వచ్చానన్నాను.

89వ నిమిషంలో మేం స్కోరు సమం చేశాం. మైదానం అవతలి మూలన మావాళ్లు ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన నా వైపు చూశారు, ఏమీ అనలేదు. ఆయన అనకపోవడమే ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. ఆయనకి తెలుసు, నాకు తెలుసని కూడా తెలుసు.

నేను కళ్లారా చూసిన గోల్స్‌లో అంత గొప్పది ఇంకోటి లేదు. కానీ ఆ గోల్ గుర్తొస్తే నాకు సంతోషం రాదు. మీ తమ్ముడి మొదటి అవే గోల్ అలా కానివ్వకండి.

కార్నర్‌ఫ్లాగ్:

అందరూ ఒకే మాట అంటున్నారు కాబట్టి అవతలి పక్క నేను చెప్తాను. 2022 ఏప్రిల్ 14 గుర్తుందా? యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్, బార్సిలోనా మీద వాళ్ల స్టేడియం క్యాంప్ నౌలో జర్మనీ క్లబ్ ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్. అవే వాళ్లకి ఇచ్చింది 5,000 సీట్లు. క్యాంప్ నౌలో కనిపించింది దాదాపు 30,000 మంది. హోమ్ సీట్లలో, గ్యాలరీ అంతా తెల్ల చొక్కాలే. ఫ్రాంక్‌ఫర్ట్ 3-2తో గెలిచింది, ఆ సీజన్ కప్పు కూడా కొట్టింది. పెద్ద గొడవ లేకుండానే అంతా ముగిసింది. ఆ 25,000 మంది ఇంట్లో కూర్చుని ఉంటే ఫుట్‌బాల్ చరిత్రలో అంత గొప్ప అవే రాత్రి ఉండేదా?

కాబట్టి హోమ్ స్టాండ్ అనగానే పాపం చేసినట్టు చూడనక్కర్లేదు. పెద్ద గొడవల చరిత్ర లేని క్లబ్ అయితే, పక్కవాళ్లతో మర్యాదగా ఉంటే, చాలాచోట్ల కలిసి కూర్చుని చూడొచ్చు. నేను మూడు దేశాల్లో చూశాను.

తూర్పుస్టాండ్:

కార్నర్‌ఫ్లాగ్ గారూ, ఆ రాత్రి గురించి బార్సిలోనా వాళ్లని అడగండి. వాళ్ల పాటల బృందాలు రెండో సగం మొదట్లో నిరసనగా తమ చోటు ఖాళీ చేశాయి. సొంత ఇంట్లో తామే పరాయివాళ్లయ్యామన్న బాధ అది. ఆ తర్వాత క్లబ్ యూరప్ మ్యాచ్‌ల టికెట్ల నియమాలు బిగించింది.

నేను ఎప్పుడూ హోమ్ వైపు గోల్ వెనకాల నిలబడేవాణ్ని, కాబట్టి మీరు అడుగుతున్న స్టాండ్ లాంటిదే నాది. మా దగ్గర ప్రతి మనిషీ ఆ పాటలో ఒక గొంతు. పాడని మనిషి మధ్యలో ఉంటే అక్కడ పాట తెగుతుంది, చుట్టూ నలుగురికి తెలుస్తుంది. నాకు మీ మీద కోపం ఉండదు. నా పక్కన పదహారేళ్లుగా ఒకరే కూర్చుంటున్నారు, ఆ సీటులో కొత్త మొహం కనిపిస్తే ఎవరో ఏమిటో అని చూస్తాను, అంతే. కానీ నాలుగు వరుసల వెనకాల ఉన్నవాళ్లందరూ నాలాగే ఉంటారని మాట ఇవ్వలేను. డెర్బీ రోజు అసలు ఇవ్వలేను.

మా స్టేడియంకి రండి. మీ మూలకి రండి. మీరు అక్కడ గొంతు చించుకుంటే మేం ఇంకా గట్టిగా పాడతాం. మాకూ కావాల్సింది అదే.

పాతటర్న్‌స్టైల్:

కార్నర్‌ఫ్లాగ్ చెప్పిన ఉదాహరణ మంచిదే. కానీ 30,000 మందిలో ఒకరుగా వెళ్లడం వేరు, ఇద్దరే వెళ్లడం వేరు. అక్కడ వాళ్లకి వాళ్లే అండ.

ఇంకో మాట, కాస్త బరువైంది. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో, లివర్‌పూల్, యువెంటస్ ఫైనల్‌కి, లివర్‌పూల్ అభిమానుల పక్కనే జెడ్ అనే బ్లాకుని తటస్థులకని కేటాయించారు. ఆ టికెట్లు చాలావరకు యువెంటస్‌ని ప్రేమించే వాళ్ల చేతికే చేరాయి, వాళ్లలో కుటుంబాలతో వచ్చినవాళ్లూ ఉన్నారు. మధ్యలో ఉన్నది పలుచటి కంచె. లివర్‌పూల్ వైపు నుంచి దూసుకొచ్చారు, అవతలివాళ్లు వెనక్కి తోసుకుపోయారు, గోడ కూలింది. 39 మంది పోయారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న చిన్నదిగా అనిపిస్తుంది. ఆ రోజు ఆ ఒక్క బ్లాకు వేరేలా ఇచ్చి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

మన దేశంలోనూ 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో గొడవ చెలరేగి 16 మంది ఇంటికి తిరిగి రాలేదు. కోల్‌కతాలో ఇప్పటికీ ఆ తేదీన వాళ్లని తలుచుకుంటారు. నేను పిల్లాడితో వెళ్లొద్దనడం ఇవన్నీ మనసులో ఉంచుకునే.

నీలికండువా:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. రెండోసగం అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తమ్ముడికీ చూపించాను. వాడు చదివి, మరి మనం వెళ్లమా అన్నాడు. మొహం చిన్నబోయింది. అవే టికెట్ దొరికే దారి ఏదైనా ఉందా? నిజంగా పాయింట్లు లేనివాళ్లకి అసలు దొరకవా?

లెక్కలమనిషి:

దొరుకుతాయి, కాకపోతే ఓపిక కావాలి.

ముందు సంఖ్యలు తెలుసుకోండి, ఎందుకు ఇంత కష్టమో అర్థమవుతుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో హోమ్ క్లబ్ అవతలి వాళ్లకి 3,000 టికెట్లు ఇవ్వాలి. స్టేడియం 30,000 కన్నా చిన్నదైతే సామర్థ్యంలో 10 శాతం. జర్మనీ లీగ్ బుండెస్‌లిగాలో 10 శాతం. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ పోటీల్లో కనీసం 5 శాతం, అది కూడా వేరుగా ఉన్న సురక్షితమైన చోట. ఇంగ్లండ్‌లోని ఎఫ్ఏ కప్‌లో 15 శాతం దాకా అడగొచ్చు. అందుకే కప్ మ్యాచ్ అవే టికెట్ లీగ్ మ్యాచ్ కన్నా సులభంగా దొరుకుతుంది, మొదటి పాయింట్ సంపాదించడానికి చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు.

ఇక డెర్బీ సంగతి. అమ్మేసినట్టు కనిపించినా మ్యాచ్‌కి వారం పది రోజుల ముందు కొన్ని వెనక్కి వస్తాయి. ఒంట్లో బాగాలేనివాళ్లు, ఆటగాళ్ల కోటాలో మిగిలినవి, స్పాన్సర్లకి ఇచ్చి వాడనివి. మీ క్లబ్‌లో వెయిటింగ్ జాబితా ఉంటే ఇద్దరి పేర్లూ విడివిడిగా రాయించండి. పక్కపక్క సీట్లే కావాలని పెట్టకండి, అక్కడే అందరూ అవకాశం పోగొట్టుకుంటారు. అవే ఎండ్‌లో, అంటే బయటి టీమ్ అభిమానులకి వేరుగా ఇచ్చే చోట, ఎలాగూ సీటు నంబరు చూసి నిలబడేవాళ్లు తక్కువ. మీ క్లబ్ అభిమానుల సంఘానికి కూడా ఫోన్ చేసి, తమ్ముడి మొదటి అవే అని చెప్పండి. పిల్లలకి టికెట్ ఇప్పించడానికి వాళ్లు నిజంగా కష్టపడతారు, నేను చూశాను.

వానలోమ్యాచ్:

నేను మా అమ్మాయిని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు దానికి పదమూడు. ఒక ఆడమనిషి, ఒక ఆడపిల్ల, డెర్బీకి అవే ఎండ్‌లో. ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. మీకు పనికొచ్చేవి రాస్తాను.

అభిమానుల సంఘం బస్సులో వెళ్లాం. స్టేషన్ నుంచి నడిచి వెళ్లడం కన్నా బస్సు నయం, ఎందుకంటే అది నేరుగా అవే గేటు దగ్గర ఆగుతుంది, మ్యాచ్ అయ్యాక అక్కడే ఉంటుంది. దారిలో స్టేడియం దగ్గర పడగానే ఎర్రలైటు దగ్గర ఆగాం. రోడ్డు పక్కన పదిమంది మా బస్సు వైపు చేతులు ఊపుతూ అరుస్తున్నారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. వెనక సీటులో ఒక ముసలాయన, దాదాపు ఎనభై ఉంటాయి, మెల్లగా పాట అందుకున్నారు. బస్సంతా అందుకుంది. లైటు మారేసరికి అది చెయ్యి వదిలేసి చప్పట్లు కొడుతోంది.

తనిఖీ గట్టిగా ఉంటుంది. సంచి ఎంత చిన్నదైతే అంత మంచిది. అమ్మాయిలకి వేరే వరుస ఉంటుంది, ముందే అడగండి, లేకపోతే ఆట మొదలయ్యేదాకా బయటే నిలబడాల్సి వస్తుంది. లోపలికి వెళ్లాక అందరూ నిలబడే చూస్తారు. పొట్టిగా ఉన్న పిల్లలైతే ముందు వరుసలకి పంపేయండి, ఎవరూ కాదనరు. మా అమ్మాయి మొత్తం ఆట రెయిలింగ్ దగ్గర, తెలియని ఇద్దరన్నల మధ్య నిలబడి చూసింది. నేను ఆరు వరుసల వెనకాల. ఆట సగం చూశాను, సగం దాన్ని చూశాను.

మ్యాచ్ అయ్యాక అరగంట లోపలే ఆపుతారు. అది శిక్ష కాదు, బయట హోమ్ జనం ఖాళీ అవ్వాలి కదా. ఫోన్‌లో ఛార్జింగ్ ఉంచుకోండి, ఇంటికి వెళ్లే ఆఖరి రైలు ఎప్పుడో చూసుకుని ఆ అరగంట కలిపి లెక్క వేసుకోండి.

ఎడమకాలు:

కండువా సంగతి. స్టేడియం చుట్టుపక్కల వీధుల్లో జాకెట్ లోపల. అవే టర్న్‌స్టైల్ దాటగానే బయటికి. ఇందులో పిరికితనం ఏమీ లేదు, అందరం అలాగే చేస్తాం. తమ్ముడికి కూడా అదే చెప్పండి, వయసులో ఉన్నప్పుడు దాచుకోవడం అవమానంలా అనిపిస్తుంది.

ఇంకోటి, ఫ్లేర్లు అనే మండే రంగు దివిటీలు, పొగ గొట్టాలు ఎవరైనా చేతిలో పెట్టి పట్టుకోమంటే వద్దనమనండి. ఇంగ్లండ్‌లో స్టేడియంలోకి తెచ్చినా, తేబోయినా నేరం. గోల్ పడ్డాక మైదానంలోకి దూకడం 1991 నుంచి అక్కడ నేరమే. ఒక్క క్షణం ఆవేశానికి ఏళ్ల తరబడి నిషేధం పడిన కుర్రాణ్ని నాకు తెలుసు. చాలా మంచి పిల్లాడు.

ఎక్కినమెట్లు:

పెద్దవాళ్లని తీసుకెళ్తున్నవాళ్లు అవే ఎండ్ ఎక్కడుందో ముందే చూసుకోండి. న్యూకాజిల్ సెయింట్ జేమ్స్ పార్క్‌లో అవే వాళ్లు ఏడో లెవెల్‌లో, కప్పు కింద. 14 వరసల మెట్లు. నా మోకాళ్లకి అది సగం మ్యాచ్. పైకెళ్లాక ఆటగాళ్లు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు, కానీ ఆట ఆకారం మొత్తం అర్థమవుతుంది, వింగర్ ఎక్కడ ఖాళీ వెతుక్కుంటున్నాడో కూడా. నాకు అది నచ్చింది. మెట్లు ఎక్కలేనివాళ్లు ముందే ఫోన్ చేసి చెప్తే వేరే ఏర్పాటు చేస్తారు.

గేటుకీపర్:

నా అభిప్రాయం అందరికీ నచ్చదు. డెర్బీలకి అవే ఫ్యాన్స్‌ని రానివ్వకపోవడమే మేలు. అంతమంది పోలీసులు, మూసేసిన రోడ్లు, భయపడే ఇరుగుపొరుగు, ఇదంతా ఎవరికోసం? ఎవరి మ్యాచ్ వాళ్ల ఇంట్లో చూసుకుంటే పిల్లలకీ ప్రమాదం ఉండదు.

పాతటర్న్‌స్టైల్:

గేటుకీపర్ గారూ, మీ భయం నాకు అర్థమైంది. పైన నేనే రెండు విషాదాల గురించి రాశాను. అయినా మీతో ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

అర్జెంటీనాలో 2013లో ఒక అభిమాని చనిపోయాక అవే ఫ్యాన్స్‌ని నిషేధించారు. ఏళ్ల తరబడి అదే నడిచింది. 2018లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు లిబర్టడోరెస్ ఫైనల్, అక్కడి బద్ధ ప్రత్యర్థులు రివర్ ప్లేట్, బోకా జూనియర్స్. ఒక్కో స్టేడియంలో ఒకటి చొప్పున జరగాల్సిన రెండు మ్యాచ్‌లకీ హోమ్ జనమే. ఏమైంది? నవంబరు 24న రివర్ స్టేడియంకి వస్తున్న బోకా ఆటగాళ్ల బస్సు మీదే దాడి జరిగింది. అద్దాలు పగిలాయి, ఆటగాళ్లకి గాయాలయ్యాయి. స్టేడియంలో ఒక్క బోకా అభిమాని లేడు. చివరికి ఆ మ్యాచ్ సముద్రం దాటి మాడ్రిడ్‌లో, బెర్నబ్యూలో డిసెంబరు 9న జరిగింది. అక్కడ మాత్రం రెండు వైపుల వాళ్లనీ రానిచ్చారు, విడివిడిగా కూర్చోబెట్టారు, మ్యాచ్ పూర్తయింది.

నెదర్లాండ్స్‌లో అయాక్స్, ఫెయెనూర్డ్ మ్యాచ్‌లకి 2009 నుంచి అవే వాళ్లు లేరు. 2023 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో 0-3 దగ్గర మ్యాచ్ ఆగిపోయింది. ఫ్లేర్లు విసిరింది సొంత అభిమానులే. మిగిలిన ఆట మూడు రోజుల తర్వాత ఖాళీ స్టేడియంలో ఆడించారు.

ఇండోనేషియా గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. 2022 అక్టోబరు 1, కంజురుహాన్ స్టేడియం. అరేమా, పెర్సెబాయా. అవే అభిమానులని రానివ్వలేదు. హోమ్ టీమ్ ఓడాక కొందరు మైదానంలోకి దిగితే స్టాండ్‌ల మీదికి బాష్పవాయువు వదిలారు. గేట్ల దగ్గర ఊపిరాడక, తొక్కిసలాటలో 135 మంది పోయారు. వాళ్లలో పిల్లలున్నారు. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో 97 మందిని బలితీసుకున్న తొక్కిసలాటకి కూడా అభిమానులు కారణం కాదని 2016లో జ్యూరీ తేల్చింది, అక్కడ తప్పింది జనాన్ని నడిపించే తీరు.

అవతలివాళ్లు లేకపోతే ప్రమాదం పోతుందనుకోవడం తేలిక. గేట్లు, దారులు, పోలీసులు జనాన్ని చూసే తీరు, ఇవి బాగుచేయడం కష్టం. నిషేధం పెట్టినచోట ఆ కష్టమైన పని ఎవరూ చెయ్యరు.

గేటుకీపర్:

బస్సు సంగతి తెలుసు, కానీ ఆ రోజు అవే వాళ్లు ఒక్కరూ లేరన్న విషయం నేను ఆలోచించలేదు. మా ఇల్లు ఒక స్టేడియంకి రెండు వీధుల అవతల ఉంది. డెర్బీ రోజు మా పిల్లలని బయటికి పంపం. ఆ కోపంలో రాశాను. నిషేధం వద్దన్నా, వీధుల సంగతి ఎవరో ఒకరు చూడాలి కదా.

తూర్పుస్టాండ్:

ఆ మాట న్యాయం. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో, రేంజర్స్, సెల్టిక్ మధ్య ఏం జరిగిందో చూడండి. ఒకప్పుడు రేంజర్స్ స్టేడియం ఐబ్రాక్స్‌లో సెల్టిక్ వాళ్లకి ఒక స్టాండ్ మొత్తం, దాదాపు 7,000 సీట్లు ఉండేవి. 2018లో రేంజర్స్ దాన్ని 800 దగ్గరికి తగ్గించింది, సెల్టిక్ కూడా అంతే చేసింది, తర్వాత కొంతకాలం అసలు ఎవరికీ లేవు. 2025 జనవరిలో మళ్లీ రానిచ్చారు. ఆ మధ్య కాలం మ్యాచ్‌లు టీవీలో చూశాను. అవే గోల్ పడితే స్టేడియం అంతా నిశ్శబ్దం. యాభై వేలమంది ఉన్నచోట బంతి వలని తాకిన చప్పుడు, ఆటగాళ్ల అరుపులు మాత్రమే. హోమ్ మనిషిని అయ్యుండీ నాకు అది వెలితిగా అనిపించింది.

నీలికండువా:

దొరికాయి! రెండూ అవే ఎండ్‌లోనే!

వెయిటింగ్ జాబితాలో పేర్లు రాయించాను, సంఘానికి ఫోన్ చేశాను. ఎనిమిది రోజుల ముందు మెయిల్ వచ్చింది. వేరువేరు వరుసలు, 14, 17. ఆఫీసు ఆయన సీట్లు వద్దన్నానని చెప్తే ఏమనుకుంటారో అని భయపడ్డాను. మీరు మీ మూలలో ఉండటమే మంచిది, టీవీలో వెతుకుతాను అన్నారు. సంఘం బస్సులో వెళ్తున్నాం. తమ్ముడు పాటలు బట్టీ పడుతున్నాడు.

రెండోసగం:

చాలా సంతోషంగా ఉంది. వెళ్లొచ్చాక తప్పకుండా రాయండి. స్కోరు కాదు, అక్కడ ఎలా ఉందో రాయండి.

నీలికండువా:

నిన్న రాత్రి చాలా ఆలస్యంగా ఇల్లు చేరాం. తమ్ముడికి గొంతు పోయింది, పొద్దున సైగలతో మాట్లాడుతున్నాడు. ఓడిపోయాం. 1-2, రెండోది ఇంజురీ టైమ్ మూడో నిమిషంలో.

రెండోసగం అన్నా, మీరు అడిగినట్టు రాస్తాను. లోపలికి వెళ్లి మెట్లెక్కి మైదానం కనిపించగానే నేను ఆగిపోయాను. మూడు వైపులా వాళ్ల రంగే. అంత జనం ఒకేసారి మనకి వ్యతిరేకంగా పాడితే ఆ చప్పుడు ఛాతీలో తగులుతుంది. టీవీలో అది తెలియదు. మా వాళ్లం చిన్న మూలలో, ఒకరికొకరు భుజాలు తగిలేంత దగ్గరగా. సొంత స్టేడియంలో నాలుగేళ్లుగా నా పక్క సీటు మనిషి పేరు కూడా తెలియదు. ఇక్కడ పావుగంటలో ముందు వరుసలో ఉన్న ఆయన తన మనవడి ఫొటో చూపించారు.

వాళ్లు మొదటి అరగంటలోనే గోల్ కొట్టారు. స్టేడియం కదిలింది. తర్వాత వాళ్లంతా మా వైపు తిరిగి చేతులు చాపి పాడారు. నేను తమ్ముడి కోసం వెతికాను, మూడు వరుసల ముందు ఉన్నాడు. భయపడ్డాడేమో అనుకున్నాను. వాడు అప్పటికే మా పాట మొదటి ముక్క అందుకున్నాడు. వాడొక్కడే, గొంతు పగిలేలా. రెండో ముక్కకి వరుస వరుసంతా కలిసింది.

71వ నిమిషంలో సమం చేశాం. గోల్ నేను సరిగ్గా చూడలేదు, ఎవరి మోచెయ్యో నా కళ్లకి అడ్డం వచ్చింది. కిందపడ్డాను, ఎవరో లేపారు, లేపినాయన్ని నేను పట్టుకుని ఊపుతున్నాను. తమ్ముడు సీట్ల మీదుగా ఎక్కి నా దగ్గరికి వచ్చేశాడు. మోకాలి కింద సీటు అంచు తగిలి నీలంగా కమిలింది. రాత్రి బస్సులో ప్యాంటు మడిచి ప్రతి ఒక్కరికీ చూపించాడు.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. రెండో సగంలో పక్క స్టాండ్ నుంచి నాణేలు విసిరారు. ఒకామె నుదుటికి తగిలింది. స్టీవార్డ్ వెంటనే వచ్చి తీసుకెళ్లాడు, కట్టు కట్టించుకుని ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చి నిలబడింది. మావాళ్లలో ఇద్దరు తిరిగి విసరబోతే ఆమె భర్తే ఆపాడు.

ఆఖరి గోల్ పడ్డాక ఏమనిపించిందో రాయలేను. మా మూల మొత్తం ఒక్కసారి కూర్చుండిపోయింది. తర్వాత లోపల ఆపిన అరగంటలో ఎవరూ మాట్లాడలేదు. మా ఆటగాళ్లు మా వైపు వచ్చి చప్పట్లు కొట్టారు, గోల్‌కీపర్ తల పైకెత్తలేకపోయాడు. అప్పుడు వెనకనుంచి ఎవరో ఆయన పేరు పాడారు. అందరం పాడాం. ఆయన తల ఎత్తేదాకా.

వానలోమ్యాచ్:

ఆ ఆఖరి ముక్క చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. తమ్ముడి కాలికి ఐసు పెట్టండి. ఆ నుదుటి దెబ్బ తగిలినావిడ ఎలా ఉన్నారు?

నీలికండువా:

బాగానే ఉన్నారక్కా, బస్సులో మా ముందు సీటే. రెండు కుట్లు పడ్డాయి. క్లబ్‌కి ఫిర్యాదు పంపుతున్నారు, నేనూ సాక్షిగా పేరు ఇచ్చాను.

ఇవాళ ఆఫీసులో ఆయన నా టేబుల్ దగ్గరికి వచ్చారు. గెలిచామని ఏడిపిస్తారనుకున్నాను. 71వ నిమిషంలో టీవీలో మీ మూల చూశాను, అందులో మీరెక్కడున్నారు అని అడిగారు. నేలమీద అని చెప్పాను. తర్వాత ఇద్దరం ఆ గోల్ మళ్లీ ఫోన్‌లో చూశాం. నేను సరిగ్గా చూసింది అప్పుడే.

కొత్తసభ్యుడు2:

ఆలస్యంగా చదువుతున్నాను. నాకూ అవే పాయింట్లు లేవు. ఆ వెయిటింగ్ జాబితాలో పేరు ఎప్పుడు రాయించాలి? సభ్యత్వం లేకపోయినా తీసుకుంటారా?

నీలికండువా:

మా క్లబ్‌లో సభ్యత్వం తప్పనిసరి. అవే టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజే జాబితా తెరుస్తారు, ఆ రోజే రాయించండి. ఇద్దరైతే విడివిడిగా. లెక్కలమనిషి గారు పైన చెప్పింది అక్షరాలా నిజం, పక్కపక్క సీట్లు అడిగిన మా స్నేహితుడికి రాలేదు. మొదటిసారి డెర్బీ కాకుండా మామూలు మ్యాచ్‌కి ప్రయత్నించండి. మేం వచ్చే నెల అలాంటిదానికే రాయించాం. తమ్ముడికీ నాకూ ఇప్పుడు చెరో పాయింట్ ఉంది.